పంపు నంబరు 217 దగ్గర స్నానం

చేతిపంపుల శాఖలో సిగ్గు తక్కువైపోయిందని మొదట కనిపెట్టింది పైవాళ్లు. కిందివాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు గానీ వాళ్లను ఎవరూ అడగలేదు.

కనిపెట్టిన తీరు ఇది. రాజధానిలో ఉన్నతాధికారులకు రెండు రోజుల శిక్షణ జరిగింది. అందులో ఒక స్వప్న నిపుణుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కలల్లో కలిగే సిగ్గు గురించి గంటన్నర మాట్లాడాడు. నడిబజారులో బట్టల్లేకుండా నిలబడినట్టు, పరీక్ష హాల్లో కూర్చున్నాక అది ఏ పరీక్షో తెలియనట్టు, పెళ్లిపందిట్లో పంచె జారినట్టు కలలొచ్చేవారి మనస్సాక్షి ఇంకా బతికే ఉందనీ, అసలు అలాంటి కలలే రానివారి సంగతి ఆలోచించుకోవలసిందేననీ ఆయన సెలవిచ్చాడు. భోజనంలో పులిహోర, గారెలు, రెండు రకాల స్వీట్లు పెట్టడం వల్ల హాల్లో అందరూ నిద్రపోయారు. మెలకువగా ఉన్నది ఒక్క కమిషనరు గారు. కొంప మునిగింది అక్కడే.

పదిహేను రోజులు తిరగకుండా జిల్లా కార్యాలయానికి సర్క్యులర్ దిగింది. శాఖలోని ప్రతి ఉద్యోగీ నెలనెలా ఐదో తేదీలోగా ‘స్వప్న లజ్జా నివేదిక’ సమర్పించాలి. కల వచ్చిన తేదీ, జరిగిన స్థలం, కలలో హాజరైన వ్యక్తులు, ఒంటి మీద ఉన్న బట్టల వివరం, కలిగిన సిగ్గు స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది విడివిడి గడుల్లో నింపాలి. ఇకమీదట ప్రమోషన్లకు సీనియారిటీతో పాటు సిగ్గు కూడా చూస్తారు.

సీనియర్ అసిస్టెంటు ఇప్పిలి భగవానులు ఆ సర్క్యులర్‌కు ఇన్వర్డ్ నంబరు వేసి, ఫైల్లో కట్టి, ఆ తరువాత భయపడ్డాడు. నంబరు వేయకుండా భయపడే అలవాటు ఆయనకు లేదు. ముప్పై మూడేళ్ల సర్వీసు. రిటైర్ కావడానికి ఎనిమిది నెలలు. సూపరింటెండెంటు అనిపించుకొని దిగిపోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. పదేళ్లుగా చిత్తుకాగితాల మీద తన సంతకం పెట్టి, దాని కింద ‘సూపరింటెండెంటు’ అని రాసి, కాసేపు చూసుకొని, ఎవరైనా వస్తున్న అలికిడి వింటే చింపేస్తున్నాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ అయింది. వరసలో మొదటివాడు భగవానులు, రెండోవాడు జోగారావు. మధ్యలో ఈ సిగ్గొకటి వచ్చి పడింది.

మొదటి నెల ఆఫీసంతా ‘నిల్’ అని రాసి పంపింది. అది ఆ ఆఫీసు ఆచారం. పైనుంచి ఏమడిగినా, అడిగింది చదవకముందే, నిల్ అని పంపేస్తారు. పాడైన పంపులెన్ని? నిల్. పెండింగు అర్జీలెన్ని? నిల్. ఆ నిల్‌ల మీదే జిల్లాకు మూడేళ్లు వరసగా షీల్డు వచ్చింది. షీల్డు అధికారి గది అద్దాల బీరువాలో ఉంది.

ఈసారి నిల్ తిరిగొచ్చింది. ‘సిగ్గు నిల్ అని లిఖితపూర్వకముగా అంగీకరించిన మీపై సిగ్గులేనితనము నిమిత్తము చర్య ఏల తీసుకోరాదో తెలుపవలసినది’ అని నలభై ఒక్క మందికీ మెమోలు వచ్చాయి.

జిల్లా అధికారి పరాంకుశం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడటం ఆయన ఇంట్లోవాళ్లు కూడా వినలేదంటారు.

“మనమందరం ఒక పారదర్శకమైన, జవాబుదారీతనంతో కూడిన, కాలపరిమితికి లోబడిన సిగ్గు దిశగా పయనించవలసిన చారిత్రక సందర్భంలో ఉన్నాం,” అన్నారాయన. “గత నెలలో మన జిల్లా సిగ్గు విషయంలో రాష్ట్రంలో అట్టడుగున నిలిచింది. నాకు చాలా...” అని ఆగిపోయారు. ఆ మాట అనవచ్చో అనకూడదో నిబంధనల్లో లేదు. “చాలా బాధగా ఉంది. వచ్చే నెలకు వంద శాతం లక్ష్యం సాధించాలి.”

సాధించారు. జోగారావు ధర్మమా అని ఎవరికీ కష్టం కలగలేదు. అతను చక్కటి దస్తూరీ ఉన్నవాడు, కల్పనాశక్తి అంతకన్నా ఎక్కువ ఉన్నవాడు. అడిగినవారికల్లా కల రాసిచ్చాడు. డ్రైవరుకు స్వల్పం, గుమాస్తాలకు మధ్యస్థం, ఇంజనీర్లకు తీవ్రం. పరాంకుశం గారు తన కలను తానే డిక్టేట్ చేశారు. మంత్రిగారి సమీక్షా సమావేశంలో తాను దిగంబరంగా నిలబడినట్టూ, అయినప్పటికీ చేతిలో ఉన్న ఫైలుతో శాఖ గౌరవాన్ని కాపాడినట్టూ అందులో ఉంది.

“మీక్కూడా ఒకటి రాసి పెట్టమంటారా గురువుగారూ?” అని అడిగాడు జోగారావు. “తీవ్రం రాస్తాను. మీది నాదానికన్నా ఒక పిసరు తక్కువ తీవ్రం. ఏమీ అనుకోకండి.”

“వద్దులే నాయనా,” అన్నాడు భగవానులు. “నాకు సొంతది ఉంది.”

నిజంగానే ఉంది. ఆరేళ్లుగా ఆయనకు అదే కల. ఏదో ఊరి వీధి మధ్య చేతిపంపు. ఒంటి నిండా సబ్బు నురగ, నూలుపోగు లేదు. పంపు కొడుతూనే ఉంటాడు. చుక్క నీళ్లు రావు. చుట్టూ ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడి ఉంటారు. పంపు గొట్టం మీద తెల్ల రంగుతో 217 అని ఉంటుంది. మెలకువ వచ్చేసరికి చెవులు కాలిపోతుంటాయి.

ఆరేళ్లుగా దాచిన ఆ కల ఇప్పుడు సర్కారీ కాగితం మీద పెట్టాలి గనక, ముందు ఇంట్లో చెప్పడం మర్యాద అనిపించింది. భార్య వరహాలమ్మ పొద్దున్నే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చొని, గొంతు సవరించుకొని, మొత్తం చెప్పాడు.

ఆవిడ ఈనెలు తీయడం ఆపలేదు. “ఆడవాళ్లు నవ్వారేంటండీ?”

“లేదు.”

“మొహం తిప్పుకున్నారా?”

“అదీ లేదు. ఊరికే చూస్తూ నిలబడ్డారు.”

“నవ్వకా, తిప్పుకోకా, చూస్తే మీకెందుకండీ సిగ్గు?”

ఆ ప్రశ్నకు నివేదికలో గడి లేదు. భగవానులు చెవులు మాత్రం మళ్లీ వేడెక్కాయి. ఆఫీసుకెళ్లి, కల ఎలా వచ్చిందో అలాగే రాశాడు. స్థలం అన్న గడిలో ‘చేతిపంపు నంబరు 217’ అని రాశాడు. హాజరైన వ్యక్తులు అన్న చోట ‘సదరు పంపు వాడకందారులు’ అని రాశాడు. సిగ్గు, తీవ్రం.

ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయన రాసిన మొదటి నిజమైన నివేదిక అది. అనుభవం లేకపోవడం వల్ల దాని ప్రమాదం తెలియలేదు.

ఆ నెల రాష్ట్రం మొత్తం మీద సిగ్గు ఎంతగా పెరిగిందంటే కమిషనరు గారికే అనుమానం వచ్చింది. ఒక జిల్లాలో పదకొండు మందికి ఒకే పెళ్లిపందిట్లో, ఒకే రాత్రి, ఒకే అంచు పంచె జారింది. వెంటనే రెండో సర్క్యులర్ వచ్చింది. ప్రతి కలనూ క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలి. కల జరిగిన స్థలం ఉందో లేదో చూడాలి. కలలో కనిపించిన వ్యక్తులకు నోటీసులిచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. కల అబద్ధమని తేలితే క్రమశిక్షణా చర్య.

జోగారావు ఒక్క సాయంత్రంలో అందరి కలలకూ సవరణ పత్రాలు తయారు చేశాడు. కలలన్నీ ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. కొన్ని స్వర్గానికి, కొన్ని కూలగొట్టిన బడులకు, కొన్ని చనిపోయిన మేనమామల ఇళ్లకు చేరాయి. పరాంకుశం గారి కలలోని మంత్రిగారు పూర్వజన్మలోని మహారాజుగా మారారు. తనిఖీకి వీలైన కల జిల్లా మొత్తానికీ ఒక్కటే మిగిలింది.

పంపు నంబరు 217 ఎక్కడుందో రిజిస్టరు తీసి చూసింది జోగారావే. చింతగెడ్డవలస. రిజిస్టరులో ఆ పంపు ఎదురుగా ప్రతి నెలా ‘పనిచేయుచున్నది’ అని ఉంది. ఆరేళ్ల నుంచి ఆ మాట భగవానులు దస్తూరీలోనే ఉంది. ఆయన ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. చూడవలసిన ఇంజనీరు కూడా చూడలేదు. కిందటి నెల ఏం రాశారో చూసి ఈ నెల అదే రాయడమే ఆ రిజిస్టరు పద్ధతి.

చింతగెడ్డవలసకు నోటీసు వెళ్లింది. ‘చేతిపంపు నంబరు 217 విషయమై విచారణకు వాడకందారులు స్వయముగా హాజరు కావలెను’ అని మాత్రమే అందులో ఉంది. కల మాట రాయడానికి ఫారంలో చోటు లేదు.

మంగళవారం పదకొండు గంటలకు ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. ఉతికిన చీరలు కట్టుకొని, తలకు నూనె రాసుకొని, తలా ఒక ఖాళీ బిందె పట్టుకొని వచ్చారు. అందరికన్నా పెద్దావిడ బోనెల పైడమ్మ. పరాంకుశం గారి బల్ల ముందు వాళ్లు వరసగా నిలబడ్డారు. జోగారావు వాంగ్మూలం రాయడానికి కలం విప్పాడు. భగవానులు గోడవార నిలబడ్డాడు. వరసగా నిలబడ్డ ఆ ఆరుగురినీ ఆ బిందెలనూ చూడగానే ఆయనకు ఒంటి మీద చొక్కా ఉందో లేదో అనుమానం వచ్చి తడుముకున్నాడు.

“ఎదుట నిలబడి ఉన్న ఈ ఉద్యోగిని,” అన్నారు పరాంకుశం గారు, “మీ గ్రామ పరిధిలోని చేతిపంపు వద్ద, వస్త్రవిహీన స్థితిలో, సబ్బు సహితంగా, మీలో ఎవరైనా ప్రత్యక్షంగా వీక్షించి యున్నారా?”

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఈయన మీ పంపుకాడ బట్టల్లేకుండా తానం చేశాడా, చూశారా అని అడుగుతున్నారు,” అని జోగారావు విప్పి చెప్పాడు.

“ఏటి బాబూ ఆ మాటలు,” అంది పైడమ్మ. “మా పంపు సెడిపోయి ఆరేళ్లయినాది. నీళ్లు రాని పంపుకాడ తానం ఎవుడు సేత్తాడు?”

“అడిగిన ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పాలి.”

“అదే సెప్తన్నాను గదా. ఎనిమిది అర్జీలెట్టినాం. ఎనిమిదింటికీ ఒకే జవాబొచ్చినాది. మా మనవరాలు సదివి సెప్పినాది, పంపు పనిసేత్తందని రాసినారంట. సర్కారోళ్లు రాసినారంటే వచ్చేసుంటాది గావాల అని ప్రతిసారీ ఎల్లి కొట్టి సూసినాం. రానేదు.”

ఆ ఎనిమిది జవాబులూ టైపు చేసింది భగవానులే. ‘రికార్డుల ప్రకారము మీ పంపు పనిచేయుచున్నది. కావున మీ అర్జీ పరిష్కరించబడినది.’ టైపు చేసిన ప్రతిసారీ ఆయన వేరే ఏదో ఆలోచిస్తూ టైపు చేశాడు. ఆ కాగితం చేతికందాక ఆరుగురు మనుషులు లేచి వెళ్లి పంపు కొట్టి చూసి ఉంటారని ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు.

“నిన్న నోటీసొస్తే, పంపు బాగుసేత్తారు గావాలని కూలి మానేసి వచ్చినాం,” అంది ఆ పక్కావిడ. “తానం గురించా బాబూ పిలిసినారు?”

ఎవరూ నవ్వలేదు. మొహం తిప్పుకోలేదు. భగవానులు వైపు ఊరికే చూశారు. కోపగించుకున్నా లాభం లేదని తెలిసిపోయినప్పుడు మనుషులు చూసే చూపు అది. వరహాలమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. భగవానులుకు ఆ గదిలో, ఫ్యాను కింద, ఇస్త్రీ చొక్కాలో, కలలో కన్నా ఎక్కువ సిగ్గేసింది.

విచారణ పూర్తయింది. పరాంకుశం గారు అక్కడికక్కడే తీర్పు డిక్టేట్ చేశారు. “సదరు చేతిపంపు గత ఆరు సంవత్సరములుగా పనిచేయుట లేదని సాక్షులు ఏకగ్రీవముగా ధ్రువీకరించినందున, నీరు లేని చోట స్నానము అసంభవము. అసంభవమగు స్నానమును స్వప్నములో చేసినట్లు నివేదించుట శాఖను తప్పుదోవ పట్టించుటయే. ఇందుమూలముగా ఇప్పిలి భగవానులు కల అబద్ధమని ప్రాథమికముగా నిర్ధారించడమైనది. ఏడు రోజుల్లో సంజాయిషీ.”

ఆడవాళ్లు బయటికొచ్చి, ఆఫీసు పంచలో ఉన్న కుళాయి తిప్పి బిందెలు నింపుకున్నారు. ఇంతదూరం వచ్చి ఒట్టి బిందెలతో ఎల్లిపోతే ఎలాగని పైడమ్మ ప్యూనుతో అంటోంది. భగవానులు కిటికీలోంచి చూశాడు. ఆరో బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం జోగారావు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు.

“గురువుగారూ, మీరు బయటపడటం చిటికెలో పని. ఆ రిజిస్టరు కాపీ ఒకటి జతపరచండి. పంపు పనిచేయుచున్నది, ఆరేళ్ల రికార్డు. పంపు పనిచేస్తే నీళ్లున్నట్టు. నీళ్లుంటే స్నానం జరిగినట్టు. మీ కల నిజమైపోతుంది. ఆ ఆడవాళ్ల నోటిమాట రికార్డు ముందు నిలబడదు. రిజిస్టరు తప్పంటే షీల్డు తప్పు. పరాంకుశం గారు బీరువాలోంచి షీల్డు తీసి ఇస్తారా? ఇవ్వరు. మిమ్మల్ని వదిలేస్తారు. ప్రమోషన్ మీదే.”

“మరి వాళ్ల పంపు?”

“పనిచేస్తున్నట్టే గదండీ. శాశ్వతంగా.”

భగవానులు ఏడు రోజులూ ఆలోచించాడు. రెండు సంజాయిషీలు రాసుకున్నాడు. ఒకటి జోగారావు చెప్పినది. దాని కింద సంతకం పెట్టి, దాని కింద ‘సూపరింటెండెంటు’ అని రాసి, మామూలు కన్నా ఎక్కువసేపు చూసుకున్నాడు. ఎవరూ రాలేదు. అయినా చింపేశాడు.

రెండోది రెండు వాక్యాలు. ‘చేతిపంపు నంబరు 217 ఆరు సంవత్సరములుగా పనిచేయుట లేదు. కావున సదరు పంపు వద్ద స్నానము చేసినట్లు నేను నివేదించిన కల అబద్ధమని అంగీకరించుచున్నాను.’

పరాంకుశం గారు చదివి విస్తుపోయారు. ముప్పై ఏళ్లలో సంజాయిషీలో తప్పు ఒప్పుకున్నవాడిని ఆయన చూడలేదు. శిక్ష ఉత్తర్వు అప్పుడే చెప్పి రాయించారు. చేతిపంపు నంబరు 217 విషయమై అబద్ధపు కల సమర్పించినందుకు ప్రమోషన్ అర్హత రద్దు. దాన్ని టైపు చేయవలసిన సీటు భగవానులుదే. తన శిక్షను తానే, తప్పుల్లేకుండా, టైపు చేశాడు. అంతా అయ్యాక అడుగున, ప్రతి ఉత్తర్వుకూ ఉన్నట్టే, కాపీలు ఎవరెవరికి వెళ్లాలో వేసే చోటు వచ్చింది. కమిషనరు వారికి, సమాచారం నిమిత్తం. సర్వీసు రిజిస్టరుకు. అక్కడ ఆయన వేళ్లు ఒక క్షణం ఆగాయి. తరువాత ఇంకొక్క వరుస టైపు చేశాయి. ‘మరమ్మతుల విభాగమునకు, తగు చర్య నిమిత్తము.’

పరాంకుశం గారు అడుగున సంతకం పెట్టారు. అడుగున ఉన్నది చదవడం ఆయన అలవాటు కాదు.

మరమ్మతుల విభాగంలో ఆ ఉత్తర్వును పైనుంచి కిందికి చదివినవాడు లేడు. కింది వరుస మాత్రం చదివారు. తగు చర్య అంటే ఏడు రోజుల్లో జవాబు రాయాలి. ఆ రోజుల్లో నిల్ రాయాలంటే అందరికీ వణుకు. ఏం చర్య రాయాలో తోచక, ఉత్తర్వులో ఉన్న ఒకే ఒక్క పంపు నంబరు పట్టుకొని, మెకానిక్‌ను చింతగెడ్డవలసకు పంపారు. అతను గంటలో పని ముగించాడు. పోయింది ఒక తోలు వాషరు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ‘తగు చర్య తీసుకొనబడినది’ అని ఆరో రోజున జవాబు వచ్చింది. భగవానులు దానికి నంబరు వేసి ఫైల్లో కట్టాడు.

జోగారావు సూపరింటెండెంటు అయ్యాడు. కుర్చీ ఎక్కిన రోజు భగవానులుకు స్వీటు పెట్టి, కళ్లలోకి చూడలేక కిటికీ వైపు చూశాడు. అతనికి ఆ నెల కల కల్పించి రాయవలసిన అవసరం పడిందో లేదో తెలియదు.

ఆ తరువాత భగవానులుకు ఆ కల ఒక్కసారి వచ్చింది. అదే వీధి, అదే పంపు, అదే సబ్బు. పంపు కొట్టాడు. నీళ్లు భళ్లుమని దూకాయి. నురగంతా కొట్టుకుపోయింది, ఆచ్ఛాదనగా ఉన్నదల్లా అదే గనక పరిస్థితి మరీ కనాకష్టంగా తయారైంది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పైడమ్మ “ఏటయ్యా, పెద్దోడివి, సిగ్గు నేదా?” అంటూ ఒక తువ్వాలు విసిరింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే లేస్తే, వరహాలమ్మ ఏమైందోనని లేచి కూర్చుంది.

ఐదో తేదీన ఆయన ‘నిల్’ అని రాశాడు. మరుసటి నెలా అదే రాశాడు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుందనగా పరాంకుశం గారు పిలిపించారు.

“వరసగా రెండు నెలలు నిల్ సమర్పించిన ఉద్యోగి, నిబంధన ఏడు ప్రకారం, తనకు సిగ్గు లేదని స్వచ్ఛందంగా అంగీకరించినట్టు పరిగణించబడతాడు,” అన్నారాయన. “దీని పర్యవసానాలు తెలిసే రాశారా భగవానులు గారూ? ఇప్పుడైనా ఒక స్వల్పం వేసుకోండి. జోగారావు రాసిపెడతాడు.”

“లేనిది ఎలా వేసుకుంటానండీ?”

“అయితే సిగ్గులేదని ఒప్పుకుంటూ ఈ ప్రకటన మీద సంతకం చేయాలి. మీ సర్వీసు రిజిస్టరులో శాశ్వతంగా ఉండిపోతుంది.”

భగవానులు జేబులోంచి కలం తీశాడు.

“ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు.